యాత్రాఫలం

మన యాత్రాకథనాలలో బయలుదేరే వేళకు దక్కిన గౌరవం ముగింపు వేళకు దక్కదు. ప్రయాణ సన్నాహం, తొలిచూపులోని ఆశ్చర్యం పుటలకొద్దీ సాగుతాయి. చివరికి మాత్రం క్షేమంగా ఇల్లు చేరామన్న ఒక్క వాక్యమే మిగులుతుంది. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్టణం నుంచి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నారు. దారిలోని విశేషాలను తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు లేఖలుగా రాస్తూ వచ్చారు. మిత్రుడు దూరాన ఉండబట్టి తెలుగువారికి ఒక గొప్ప గ్రంథం లభించింది. నా మిత్రుడు నా పక్కనే నడిచాడు. అందువల్ల మా నేపాల్ యాత్రకు మిగిలినది లేఖలు కావు, ఒక చిన్న లెక్కల పుస్తకం.

డిగ్రీ పరీక్షలు ముగిసిన ఆ వేసవిలో మా చేతిలో నలభై రోజులున్నాయి. గోదావరి ఒడ్డున ఒకే వీధిలో పెరిగినవాళ్ళం. జూన్ నుంచి అతడు ఉద్యోగానికి పుణె వెళ్ళాలి, నేను ఉపాధ్యాయ శిక్షణలో చేరాలి. ఇక ఇంతకాలం కలిసి ఉండే అవకాశం రాదని ఇద్దరికీ తెలుసు. నేపాల్ వెళ్ళడానికి భారతీయులకు వీసా అవసరం లేదు, ఖర్చూ తక్కువ. చెరొక సంచీ వీపున వేసుకొని గోరఖ్‌పూర్ దాకా రైలులో వెళ్ళి, సునౌలీ వద్ద సరిహద్దును నడిచి దాటాము. గడియారాలను పదిహేను నిమిషాలు ముందుకు జరిపాము. 100 రూపాయలిచ్చి 160 నేపాలీ రూపాయలు పుచ్చుకున్నాము. లెక్కల పుస్తకంలో తొలి పద్దు అదే.

మొదటి మజిలీ లుంబిని. అక్కడ అశోకుని స్తంభం ఉంది. బుద్ధుడు జన్మించిన చోటు కాబట్టి ఆ గ్రామానికి పన్ను తొలగించి, పంటలో ఎనిమిదో వంతు మాత్రమే చెల్లించేట్లు చేశానని ఆ చక్రవర్తి దానిపై చెక్కించాడు. యాత్రికుడు వచ్చి వెళ్ళినందువల్ల ఊరివారి భారం తగ్గిందన్నమాట. ఆ మాట నా మనసులో నాటుకుంది.

పోఖరా నుంచి ఒక గైడును వెంటబెట్టుకొని అన్నపూర్ణ బేస్‌క్యాంపు దారి పట్టాము. రాతిమెట్లు, వెదురు పొదలు, మంచునీటి వాగులు దాటి, ఆరో రోజు సాయంత్రానికి 3,700 మీటర్ల ఎత్తున ఉన్న మచ్ఛపుఛ్రే బేస్‌క్యాంపు చేరాము. గమ్యం 4,130 మీటర్ల ఎత్తున ఉంది. ఇంకా రెండు గంటల నడక మాత్రమే.

ఆ రాత్రి నా మిత్రునికి తలనొప్పి మొదలై, వాంతులయ్యాయి. తెల్లవారకముందే లేచి నిలబడబోయి తూలాడు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలుచబడి, ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు తగ్గుతుంది. కొందరి శరీరం దానికి త్వరగా అలవాటుపడదు. ఆ స్థితిలో ఇంకా పైకి వెళ్ళడం ప్రాణానికే ప్రమాదం.

"నువ్వు వెళ్ళిరారా, నేనిక్కడే పడుకుంటాను. రెండు గంటలేగా!" అన్నాడతడు.

గైడు తల అడ్డంగా ఊపి, వెంటనే దిగడమే మందు అన్నాడు. బయట తొలివెలుగు అన్నపూర్ణ శిఖరాల మీద పడి బంగారంలా మెరుస్తోంది. ఒక్క క్షణం అటు చూశాను. తరువాత నా సంచీ సర్దుకున్నాను. గైడు తన సంచీతోపాటు అతని సంచీ కూడా భుజాన వేసుకున్నాడు. సాయంత్రానికి వెయ్యి మీటర్లకు పైగా దిగాము. దిగేకొద్దీ అతని తలనొప్పి తగ్గింది, మౌనం మాత్రం పెరిగింది.

మరునాడు దారిలో మచ్ఛపుఛ్రే శిఖరాన్ని చూపుతూ గైడు ఒక సంగతి చెప్పాడు. 6,993 మీటర్ల ఆ పర్వతం స్థానికులకు పవిత్రమైనది. 1957లో ఒక బ్రిటిష్ బృందం దానిని అధిరోహించి, శిఖరం ఇంకా సుమారు 50 మీటర్లు ఉందనగా, అగ్రభాగాన్ని తాకబోమని ఇచ్చిన మాట ప్రకారం వెనుదిరిగింది. వారు ఓడిపోయారని ఎవరూ అనలేదు. ఆ కథ విన్నాక నా మిత్రుడు రెండు రోజుల తరువాత మొదటిసారిగా నవ్వాడు.

యాత్ర చివరి సాయంకాలం పోఖరాలో ఫేవా సరస్సు ఒడ్డున కూర్చొని లెక్కలు చూసుకున్నాము. బస్సు ఛార్జీలు, బస, పప్పూ అన్నం అన్నీ సగం సగం. ఒక్క పద్దు మాత్రం అతడు విడిగా తన పేరున రాసుకున్నాడు. తన సంచీ మోసినందుకు గైడుకు అదనంగా ఇచ్చిన సొమ్ము అది.

"నా వల్ల నీ యాత్ర అసంపూర్ణమైంది. ఇదైనా నన్ను భరించనీ" అన్నాడు.

నేను ఆ పద్దు కొట్టివేసి, ఉమ్మడి ఖర్చులో కలిపి రాశాను. "దిగింది ఇద్దరమూ" అన్నాను. అతడు మారు పలకలేదు. మరికొంతసేపటికి మా ఉన్నిటోపీలూ చేతితొడుగులూ మూటగట్టి, గైడుకు ఇచ్చివద్దామని తానే లేచాడు.

అన్నపూర్ణ పాదపీఠాన్ని నేను నేటికీ చూడలేదు. కాని ఆ యాత్ర అసంపూర్ణమని నాకెన్నడూ తోచలేదు. యాత్రను ఆరంభించడానికి ఉత్సాహం చాలు, ముగించడానికి వివేకం కావాలి. ఎవరి అన్నం తిన్నామో, ఎవరు మన బరువు మోశారో, ఎవరితో కలిసి నడిచామో తలచుకొని, ఆ ఋణం తీర్చుకొన్నప్పుడే యాత్ర ముగిసినట్లు. శిఖరం చేరామా లేదా అన్నది ఆ తరువాతి మాట. రేపు మీలో ఎవరైనా సంచీ వీపున వేసుకొని మిత్రునితో దూరదేశాలకు వెళ్తే, వెళ్ళేటప్పుడు ఇద్దరుగా వెళ్ళినవారు వచ్చేటప్పుడూ ఇద్దరుగానే రండి. యాత్రాఫలం అదే.