ప్రాణం దక్కాక మొదలయ్యే వైద్యం

పుదుచ్చేరి ఊరు దాటి దిండివనం రోడ్డు పట్టుకుంటే గోరిమేడు వస్తుంది. అక్కడి జిప్మర్ ఆసుపత్రిది పాత చరిత్ర. ఫ్రెంచివారు 1823లో పెట్టిన వైద్య పాఠశాలే పెరిగి, 1964లో జిప్మర్ అయింది. తలకు దెబ్బ తగిలి బతికి బయటపడ్డవాళ్లు మళ్లీ మామూలు జీవితంలోకి ఎలా వస్తారో చూద్దామని అక్కడి పునరావాస వైద్య విభాగానికి వెళ్లాను.

చుట్టూ తమిళం వినిపిస్తుంటే మధ్యలో గోదావరి యాస చెవిన పడింది. యానాం నుంచి వచ్చిన దంపతులు. యానాం కూడా పుదుచ్చేరి కిందిదే గానీ, ఇక్కడికి 800 కిలోమీటర్ల పైమాటే. ఆయన బైకు మీంచి పడ్డారు. మెదడుకు ఎడమవైపు దెబ్బ తగలడంతో కుడి చెయ్యీ కాలూ పట్టు తప్పాయి, మాట తడబడుతోంది.

ఆ రోజు పాఠం చొక్కా తొడుక్కోవడం. థెరపిస్టు తమిళంలో చెబుతుంటే భార్య తెలుగులో అందిస్తున్నారు. ఆయన ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి చొక్కాలోకి దూర్చారు, మోచెయ్యి దాటించి భుజం మీదికి లాక్కున్నారు. ఆ తర్వాతే ఎడమ చెయ్యి.

"బలం లేని చెయ్యి ముందండి. విప్పేటప్పుడు అది ఆఖర్న," అన్నారామె నాతో.

మూడో గుండీ దగ్గర వేళ్లు మొరాయించాయి. ఆమె సాయానికి చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నారు. "మనం పెట్టేస్తే ఆయన చేతికి ఎప్పటికి అలవాటవుద్దండీ?"

ఈ వైద్యం సారమంతా ఆ మాటలో ఉంది. చచ్చిపోయిన మెదడు కణాలు తిరిగి రావు. చేసిన పనే పదేపదే చేయిస్తే మిగిలిన భాగాలు కొంతవరకు ఆ పనిని అందిపుచ్చుకుంటాయి. అందుకు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు.

కంటికి కనిపించని గాయం ఇంకా కష్టం. "అన్నం చల్లారిందని కంచం తోసేశారండి. ఇదివరకు గట్టిగా మాట్లాడి ఎరగరు," అన్నారామె. నుదుటి వెనక ఉండే భాగం దెబ్బతింటే కోపం, తొందరపాటు అదుపు తప్పుతాయి. చుట్టాలేమో పొగరంటారు. మతిమరుపుకు విరుగుడుగా ఆమె ఒక నోటుబుక్కు పెట్టారు. మాత్రలు, స్నానం, నడక, ఏ వేళకు ఏది చెయ్యాలో అందులో ఉంది. అయిన పని పక్కన ఆయనే టిక్కు పెట్టాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలగాయం అందులో విడిగా లేదు. పేషెంటుకే విడి గుర్తింపు లేనప్పుడు, పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండే మనిషిని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

డిశ్చార్జి చీటీలో మందులతోపాటు ఇంటివాళ్లు నేర్చుకోవాల్సిన పనులు కూడా వాళ్ల భాషలో రాసివ్వాలి. ఊరికి దగ్గర్లోనే ఫిజియోథెరపీ, మాట నేర్పే శిక్షణ అందాలి. ఆ ఇల్లాలికి వారానికి ఒక పూటైనా విశ్రాంతి దొరకాలి. ఆమె అలసిపోతే ఆయన వైద్యం ఆగిపోతుంది.