రెండో నెట్ కనెక్షన్ పెట్టించే ముందు

ఈ మధ్య మన సోలాపూర్‌లో ఏ ఇంటికెళ్లినా పిల్లలది ఒకటే పట్టు: గేమ్ ల్యాగ్ అవుతోంది, ఇంకో నెట్ కనెక్షన్ కావాలని. మా అక్క కొడుకు అయితే లెక్క కూడా చెప్పాడు. "మామా, వంద ఎంబీపీఎస్ లైన్లు రెండు కలిపితే రెండు వందలు. పింగ్ సగానికి సగం తగ్గుతుంది." బావ చాదర్ల కార్ఖానాలో పని చేస్తాడు. అక్క బీడీలు చుట్టి దాచుకున్న డబ్బు తీసి ఇస్తానంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

పింగ్ అంటే మన కంప్యూటర్ పంపిన కబురు గేమ్ సర్వర్ దాకా పోయి తిరిగొచ్చే సమయం. మావాడు ఆడే వాలరెంట్‌కు ముంబైలో సర్వర్లున్నాయి. ముంబై ఇక్కడికి సుమారు 400 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. అంటే రానూపోనూ దూరానికి పట్టేది 4 మిల్లీసెకన్లే. మిగతా ఆలస్యం దారిలోని పరికరాల దగ్గర, మన ఇంట్లో. ఇక ఆట నడవడానికి ఒక్క ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు. వంద రెండు వందలైతే ఏం లాభం?

రెండు లైన్లు పట్టే మామూలు రౌటర్ వాటిని కలపదు, పంచుతుంది. ఆట ఒక లైన్ మీద పోతే సినిమా ఇంకోదాని మీద. మ్యాచ్ మధ్యలో లైన్ మారితే ఐపీ అడ్రస్ మారుతుంది, ఆట చాలాసార్లు తెగిపోతుంది.

మరి ల్యాగ్ ఎక్కడిది? ఒక సాయంత్రం వాళ్లింట్లో కూర్చొని చూశా. మొదట వైఫై తీసేసి ల్యాన్ వైరు పెట్టాం. ముప్పై దగ్గర నిలకడగా ఉన్న పింగ్, అక్క ఫోన్‌లో పెళ్లి వీడియోల బ్యాకప్ మొదలవగానే రెండు వందలు దాటింది. రేషన్ దుకాణంలో బస్తాల వాడు ముందు నిలబడితే అరకిలో వాడు వెనక ఆగినట్టు, ఆట కబుర్లు రౌటర్‌లో ఆగిపోతున్నాయి. బ్యాకప్ ఆపగానే మళ్లీ ముప్పై. మీ రౌటర్‌లో క్యూఓఎస్ సెట్టింగ్ ఉంటే అప్‌లోడ్‌కు లైన్ వేగం కంటే కాస్త తక్కువ హద్దు పెట్టండి, చాలామటుకు అదే సర్దుకుంటుంది.

రెండో లైన్ దండగ అనడం లేదు. ఇంట్లో ఎవరైనా ఆఫీసు పని చేస్తుంటే పని ఒకదాని మీద, ఆట ఇంకోదాని మీద పెట్టుకోవచ్చు. ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుంది. కానీ రెండు వైర్లూ ఒకే స్తంభం మీంచి వస్తే ఒకేసారి తెగుతాయి. పెట్టించే ముందు గల్లీలోకి వచ్చి తల పైకెత్తి చూడండి.

నా దగ్గర పది మీటర్ల ల్యాన్ వైరు ఉంది. పరీక్షించుకోవాలంటే ఒక పూట పట్టుకెళ్లండి, ఆదివారం ఇంట్లోనే ఉంటా.