బీబీసీ మైక్రోలో విజయనగరం

కేంబ్రిడ్జిలో మా ఇంటి చిన్న గదిలో ఇప్పుడొక బీబీసీ మైక్రో ఉంది. ఈ ఊరి ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో విడుదల చేసిన కంప్యూటర్. మెమరీ మొత్తం 32 కిలోబైట్లు. దీన్ని కట్టినవాళ్లే, సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్, తర్వాత ఏఆర్ఎమ్ ప్రాసెసర్‌కు రూపమిచ్చారు. మన ఫోన్లన్నిటిలో ఉన్నది ఆ వంశమే.

నేను కొన్నది అందుకు కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం పెట్టి బడులకు పంపింది ఈ మెషీన్లనే. విజయనగరంలో మా బడికీ వచ్చాయి. చెప్పులు బయట విడిచి, ఒక్కోదాని చుట్టూ గుంపుగా మూగేవాళ్లం. కీబోర్డు మీద చెయ్యి వేసే వంతు వచ్చేసరికి గంట కొట్టేసేవారు. తెరమీద పడేదంతా ఇంగ్లీషే. “తెలుగులో పడతాదా సార్?” అని మాలో ఒకడు అడిగాడు. మాస్టారి దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మెషీన్‌తో వచ్చిన పుస్తకంలోనే ఉందని పెద్దయ్యాక తెలిసింది. అప్పటినుంచీ ఆ పని చేసి చూడాలని నా కోరిక.

ముందు రిపేరు. ఇన్నేళ్ల మెషీన్‌ను కొనగానే ప్లగ్గులో పెట్టకూడదు. పవర్ సప్లైలో కరెంటు లోపలికి వచ్చే చోట రిఫా కంపెనీ కాగితపు కెపాసిటర్లుంటాయి. వాటి పైపొర బీటలు వారి, తేమ పీల్చుకుని, స్విచ్ వేసిన కాసేపటికి ఘాటు వాసనతో పొగ కక్కుతాయి. వాటిని తీసి కొత్తవి అతికించాను. సాకెట్లలోని చిప్పులను కొద్దిగా పైకి లేపి మళ్లీ నొక్కాను, కాళ్లమీద చిలుము వదలడానికి. మీటలన్నీ ఊడదీసి సబ్బునీళ్లలో కడిగాను.

మార్పుల విషయంలో నాకొక పట్టుదల ఉంది. లోపలి బోర్డు పీకేసి రాస్ప్‌బెర్రీ పై పెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే మిగిలేది డొక్కే. నేను క్యాసెట్టుకు బదులు యూజర్ పోర్టుకు ఒక ఎస్డీ కార్డు తగిలించాను, దాన్ని చదివే రోమ్ చిప్పు ఒకటి ఖాళీ సాకెట్లో పెట్టాను. అంతే. 6502 ప్రాసెసర్ పాతదే, రెండు మెగాహెర్ట్‌జ్ వేగమూ పాతదే.

ఇక తెలుగు. వీడీయూ 23 అనే ఆదేశంతో ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది ఎత్తు ఉన్న గడిలో మన బొమ్మ మనం గీసుకోవచ్చు. వరుసలో ఎడమ చుక్క విలువ 128, పక్కది 64, అలా సగమవుతూ చివరిది 1. వెలగాల్సినవి కూడితే వరుసకో అంకె. గడికి ఎనిమిది అంకెలు. ఎనిమిది చుక్కల్లో ఇంగ్లీషు ‘ఎ’ హాయిగా కూర్చుంటుంది, మన ‘జ’ ఇమడదు. అందుకని అక్షరానికి నాలుగు గళ్లు పెట్టుకున్నాను.

ముందు మా ఊరి పేరు. విజయనగరంలో ఒక్క వత్తు కూడా లేదు! ఆరక్షరాలకు 24 గళ్లు, సున్నకు రెండు. మామూలుగా దొరికే గళ్లు 32. తర్వాత శ్రీకాకుళం కూడా రాద్దామనుకున్నాను. మిగిలిన ఆరూ అందులోని ఒక్క ‘శ్రీ’కే చెల్లు. తలమీద గుడిదీర్ఘం, కింద రవత్తు ఉన్న ఆ అక్షరాన్ని గళ్ల కాగితం మీద ఎంత చెరిపి గీశానో. రవత్తు ఒక్క చుక్క పక్కకు జరిగినా శకారానికి అంటకుండా విడిగా వేలాడేది. కా, కు, ళ కోసం స్టార్ ఎఫ్ఎక్స్ 20 ఆదేశం వాడి మరో 256 బైట్లు తీసుకోవాల్సి వచ్చింది. దాంతో ఇంకో 32 గళ్లు దొరికాయి. సున్న మాత్రం రెండూళ్లకూ ఒకటే.

రెండు పేర్లూ తెరమీద ఒకదానికింద ఒకటి పడగానే ఫొటో తీసి ఇంటికి పంపాను. అమ్మ చదివి, “ళ బాగా కుదిరింది గానీ, య కొంచెం వంగిందిరా” అంది. నిజమే, సరిచేశాను. మా చెల్లెలి మొగుడు నరసన్నపేటవాడు. “ఏటి బావా, మా ఊరు రాయవేటి?” అని వెంటనే ఫోన్ చేశాడు. న, ర ముందే ఉన్నాయి. స, పే, ట గీయడం అయింది. నకారం కింద నవత్తుకు శ్రీలాగే ఆరు గళ్లు కావాలి, ఈ శనివారం దాని పని పడతాను.