రామాయపట్నం తీరమున యోహాను సువార్త

కావలి దాటి ఒంగోలు వైపు వస్తూ, తెట్టు దగ్గర జాతీయ రహదారి విడిచి తూర్పునకు తిరిగితే రామాయపట్నం వస్తుంది. 1970లో ప్రకాశం జిల్లాలో చేరిన ఈ ప్రాంతము 2022లో మరల నెల్లూరు జిల్లాకు వచ్చింది. ఆ సంవత్సరమే ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. అయినా మన సంఘాలలోని పెద్దలకు ఈ పేరు చెబితే ఓడరేవు కాదు, వేదాంత పాఠశాల జ్ఞాపకమొస్తుంది. 1840లో డే దొరగారు నెల్లూరు చేరారు. ఆయన తరువాత వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనెరీలు 1870లలో ఇక్కడ ఈ పాఠశాల స్థాపించారు. 1964లో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా కలిసిన పాఠశాలల్లో ఇదొకటి.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధము. మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ దినములలో మేము కొందరు కాపరులము ఈ తీరాన కూడుకొని యోహాను సువార్త చదివాము. సాయంత్రాలు మత్స్యకార విశ్వాసులు వచ్చి కూర్చునేవారు. వారి కొరకే చివరి అధ్యాయము ముందుగా తీసికొన్నాము.

తిబెరియ సముద్రమంటే నిజానికి మంచినీటి సరస్సు, పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 అని చెప్పగా వారు నవ్వారు. బంగాళాఖాతములో బ్రతికేవారికి అది చెరువే గదా! రాత్రంతా శ్రమించి ఏమీ పట్టలేదన్న చోట మాత్రం ఎవరూ నవ్వలేదు. దరిని నిలిచినవాడు పడవలోని వారికి వల ఎటు వేయాలో చెప్పడము మాకు వింతగా తోచేది. ఒక పెద్దాయన, "ఒడ్డున నిలబడితే నీళ్ళమీద చేపల గుంపు నీడ కనబడుద్ది అయ్యగారూ, పడవలో ఉన్నోళ్ళకి కనబడదు" అన్నారు. ప్రభువు చేసిన కార్యమును ఆయన తగ్గించలేదు. ఆ పడవలోని వారు తెలియనివాని మాట ఎందుకు విన్నారో మాకు బోధపరచారు.

నూట ఏబది మూడు చేపల సంగతి ఇంకా బాగున్నది. ఒకటి నుండి పదిహేడు వరకు కూడితే 153 వస్తుందని అగస్టీను భక్తుడు దానికి ఆత్మీయార్థము చెప్పాడు. ఆ పెద్దాయన అది విని, "లెక్కపెట్టకుండా వాటాలు ఎట్టా పంచుకుంటారు?" అన్నారు. మాకైతే ఈ మాటే దగ్గరగా తోచింది.

అప్పుడు ఒక యౌవనుడు అడిగాడు: "యోహాను చదువురాని జాలరి అంటారు గదా, ఇంత గ్రంథము ఎట్లా వ్రాశాడు? వ్రాయలేదంటే మేము నమ్మినదేమవుతుంది?"

ఇది తప్పించుకొనదగిన ప్రశ్న కాదు. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయములో పేతురు యోహానులు విద్యలేనివారని ఉన్న మాట నిజమే. కానీ జెబెదయికి జీతగాళ్ళున్నారని మార్కు చెబుతున్నాడు, అంటే వారిది పడవ గల కుటుంబము. పౌలంతటివాడు రోమీయులకు పత్రిక చెప్పగా వ్రాసినవాడు తెర్తియు. చెప్పినవాడొకడు, చేతితో వ్రాసినవాడొకడు కావడము ఆ కాలమున సామాన్యమే.

ఈ సువార్తలో గ్రంథకర్త పేరు ఎక్కడా లేదు. యేసు ప్రేమించిన శిష్యుడని మాత్రమే ఉన్నది. ఆ శిష్యుని సాక్ష్యము సత్యమని మేమెరుగుదుమని మరి కొందరు చివర చేవ్రాలు పెట్టినట్టున్నది. అతడు యోహానేనని, ఎఫెసులో ఉండగా దీనిని వెలువరించాడని క్రీ.శ. 180 ప్రాంతమున ఐరేనియస్ వ్రాశాడు. ఆయన బాల్యములో పోలికార్పు బోధ విన్నవాడు. ఆ పోలికార్పు యోహానును ఎరిగినవాడని ఆయనే చెప్పాడు. ఈనాటి పండితులలో అనేకులు దీనిని ఒప్పుకొనరు. 21వ అధ్యాయములో వేటకు వెళ్ళిన ఏడుగురిలో ఇద్దరి పేర్లు చెప్పనే లేదు, ఆ శిష్యుడు వారిలో ఒకడై ఉండవచ్చునంటారు. మేము పాత సాక్ష్యమునకే మొగ్గుతాము. అయితే పేరు సందేహమైతే సువార్తే పోయిందని భయపెట్టే బోధ మాకు నచ్చదు. ఇవన్నీ ఆ యౌవనునికి దాచకుండా చెప్పాము.

అతడు కొంతసేపు ఊరకుండి, "వల విదిలించిన తీరు చదివితే మాత్రం ఇది గట్టు మీద కూర్చుని చెప్పినవాడి మాట కాదండి" అన్నాడు.

పెద్దాయన ఇంకొకటి అడిగారు. వీరు పట్టిన చేపలు తేకమునుపే నిప్పులమీద చేప ఉన్నది గదా, అది ఎక్కడిది? ముగ్గురము మూడు వ్యాఖ్యానములు వెదికాము. యోహాను అది చెప్పలేదు. అప్పటికి చీకటిపడింది, ప్రార్థన చేసి లేచాము.