ఏ కుప్పలో వెయ్యాలి?

మగవాడి ఉద్యోగం బట్టలు రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలతో అయిపోతాయి. ఆడవాళ్లకు అట్లా కుదరదు. ముస్లిం ఆడవాళ్లకు అసలే కుదరదు. తల మీద దుపట్టా ఉంటే "ఇంత చదువుకుని ఇదేంటమ్మా?" అని ఆఫీసులో అడుగుతారు. జారిపోతే "దుపట్టా ఎటు పోయింది బేటీ?" అని మొహల్లాలో అడుగుతారు. చీర కడితే "మీరు ముస్లింలా కనిపించరే!" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలులో ఉన్న ముల్లు గుచ్చుకునేది మాకే. ఇరవై ఏళ్లుగా పొద్దున ఉర్దూ పేపర్లు చదివి, సాయంత్రానికి తెలుగులో వార్తలు రాసి బతుకుతున్నదాన్ని. నేను రాసిన వాటి మీద కన్నా నేను తొడుక్కున్న వాటి మీదే ఎక్కువ అభిప్రాయాలు విన్నాను.

ఈమధ్య టీవీ చర్చలకు కూడా వెళ్లాల్సి వస్తోంది. "ఖాలా, మీ బట్టలన్నీ ఒకసారి స్టైలిస్టుకు చూపిద్దాం" అంది మా చెల్లెలి కూతురు. ఊరికే ఇచ్చే సలహాలే మోయలేక చస్తుంటే డబ్బిచ్చి కూడా చెప్పించుకోవాలా అనిపించింది. సినిమావాళ్లకూ పెళ్లికూతుళ్లకే కాదు, మాబోటి ఉద్యోగస్తుల ఇళ్లకూ ఇట్లాంటివాళ్లు వస్తారని నాకు అప్పుడే తెలిసింది. వచ్చిన అమ్మాయికి పాతికేళ్లు దాటి ఉంటాయేమో. చేతిలో టేపు, ఒక నోటుబుక్కు. షాపులకు తిప్పుతుందనుకుంటే, ముందు బీరువా తెరవమంది.

ఉన్నవన్నీ తీసి మంచం మీద పరిపించింది. ఒక్కొక్కటీ ఎత్తి "ఇది చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు మేడమ్? ఎక్కడికి?" అని అడిగింది. మూడు కుప్పలు పెట్టింది. ఉంచుకునేవి, దర్జీకి పంపేవి, ఎవరికైనా ఇచ్చేసేవి. అన్నీ కలిపి నలభై దాకా తేలాయి. నేను తిప్పి తిప్పి వేసుకునేవి మాత్రం తొమ్మిది. తర్వాత నా వారం రాసుకుంది. ఏ రోజు డెస్కు, ఏ రోజు బయట తిరుగుడు, ఏ రోజు స్టూడియో, బస్సా ఆటోనా, ఎన్ని మెట్లెక్కాలి. కొత్తవి కొనడం ఆఖరి మాట అంది. సగం కుర్తాలకు చెయ్యి అతికిన కుట్టు భుజం దాటి కిందికి జారింది, అది సరిచేయిస్తే చాలు, మనిషి నిటారుగా కనిపిస్తుంది అంది. ప్రతి కుర్తాకూ పక్క కుట్టులో ఫోనూ, పెన్నూ, రికార్డరూ పట్టేంత జేబు పెట్టించమంది. ఇన్నేళ్లలో నాకు జేబు అవసరమని గుర్తించిన మొదటి మనిషి ఆమే. ఒకదానితో ఒకటి కలిసే రంగులు ఎంచుకుంటే అయిదు కుర్తాలు, మూడు పైజామాలు, మూడు దుపట్టాలను 45 రకాలుగా వేసుకోవచ్చని లెక్క కట్టి చూపించింది.

టీవీ సంగతులూ చెప్పింది. సన్నచారల బట్ట కెమెరాలో అలలు అలలుగా కదులుతుంది. గంజి పెట్టిన దుపట్టా మైకుకు రాసుకుంటే గరగరమని చప్పుడొస్తుంది. "స్టూడియోకు ఆకుపచ్చ మాత్రం వద్దు మేడమ్" అంది. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆకుపచ్చ గురించి ఎవరు మాట్లాడినా చెవులు రిక్కించడం మాకు అలవాటైపోయింది. ఆమె మామూలుగా చెప్పుకుపోయింది. వెనకాల ఆకుపచ్చ తెర పెట్టి, ఆ రంగు ఉన్నచోటల్లా వేరే బొమ్మ వేస్తారు. అదే రంగు కుర్తా తొడుక్కుంటే నా ఒంటి మీద చార్మినార్ కనపడుతుంది. ఇద్దరం నవ్వుకున్నాం. పని తెలిసినవాళ్లు కారణం చెప్పి వద్దంటే వినడానికి నామోషీ ఏముంది?

ఆ నవ్వులోనే గులాబీ అంచున్న ఒక నేతచీర ఎత్తింది.

"ఇది ఎప్పుడు కట్టారు?"

"ఇల్లు అద్దెకు వెతికినప్పుడు."

ఆమెకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. సల్వార్ కమీజులో, తల మీద దుపట్టాతో వెళ్తే గేటు దగ్గరే "నిన్ననే ఇచ్చేశాం" అంటారు. ఈ చీర కట్టుకుని వెళ్తే లోపలికి పిలుస్తారు, గదులు చూపిస్తారు, మంచినీళ్లిస్తారు, ఆ తర్వాత పేరు అడుగుతారు. పేరు చెప్పాక "మా ఆయన్ని అడిగి చెప్తాం" అంటారు. చీర చేసిన మేలల్లా నన్ను గేటు నుంచి వంటగది దాకా తీసుకుపోవడమే. అయినా అదే నయం. మనిషిని చూసి, మాట విన్నాక కొందరు మెత్తబడతారు. మూడు ఇళ్లు అట్లాగే దొరికాయి, మూడుసార్లూ ఈ చీరే కట్టాను. ఆ అమ్మాయి చీరను చేతిలో పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది. మూడు కుప్పల్లో దాన్ని దేంట్లో వెయ్యాలో ఆమెకు తోచలేదు. నాకూ తోచలేదు.

ఇంత విన్నాక కూడా ఆమె నోట ఒక మాట వచ్చింది. "టీవీలో కూచున్నప్పుడు దుపట్టా భుజాల మీదికి దించితే కాస్త న్యూట్రల్‌గా ఉంటుంది మేడమ్." ఆమె మనసులో చెడు లేదు. తన వృత్తిలో రోజూ వినే మాటే నాకు చెప్పింది. కానీ అదే చర్చలో నా పక్కన కూచునే పెద్దమనిషి నుదుట బొట్టుతో, ముంజేతికి ఎర్రదారంతో వస్తాడు. ఆయన్ని ఎవరూ న్యూట్రల్‌గా రమ్మనరు. అనకూడదు కూడా. ఆయన బొట్టు ఆయన ఇష్టం. నా దుపట్టా దగ్గరికి వచ్చేసరికే ఈ మాట ఎందుకు పుడుతుంది?

ఇది మా ఒక్కళ్ల బాధే కాదు. అమెరికాలో 1977లో జాన్ మొలాయ్ అనే ఆయన, ఆఫీసుల్లో గౌరవం దక్కాలంటే ఆడవాళ్లు ఏం తొడుక్కోవాలో చెబుతూ ఒక పుస్తకం రాశాడు. కోటూ స్కర్టూ జతగా వేసుకోమన్నాడు. పైన మగవాడి సూటు, కింద స్కర్టు. అక్కడ మగవాడు మామూలు మనిషి, ఆడది ఆయనకు దగ్గరగా జరగాలి. ఇక్కడ మేం ఎవరికి దగ్గరగా జరగాలో వేరే చెప్పక్కర్లేదు కదా.

మా అమ్మీ చిన్నతనంలో మా నల్లగొండ వైపు ఊళ్లల్లో సల్వార్ కమీజు వేసుకున్న పిల్లను "తురకపిల్ల" అనేవాళ్లట. ఇవాళ బడిలో, బ్యాంకులో, సచివాలయంలో ఉద్యోగం చేసే ఆడవాళ్లలో ఎంతమంది ఒంటి మీద చూసినా అదే. పంజాబీ డ్రెస్సు అన్నారు, చుడీదార్ అన్నారు. నలుగురూ తొడుక్కోగానే అది న్యూట్రల్ అయిపోయింది. కుర్తా, పైజామా, కమీజు, దర్జీ, ఆఖరికి జేబు కూడా అరబ్బీ ఫారసీల దారిన మన నోళ్లలోకి వచ్చిన మాటలే. అటు చూస్తే మా అమ్మీ పెళ్లయిన దగ్గర్నుంచి చీరే కట్టింది. కొంగు నెత్తిన కప్పుకుని నమాజు చేసింది. ఊళ్లల్లో దూదేకుల ఆడవాళ్లదీ చీరే. చీరాల మగ్గాల మీద నేసిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయి అక్కడివాళ్ల తలలకు చుట్టుకున్నాయి. అదే నేత మా పాత నల్లగొండ జిల్లా పుట్టపాకలో చీరలుగా, దుపట్టాలుగా బతికి, 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. చీర ఒకరిదనీ కమీజు ఇంకొకరిదనీ గీత గీసింది నేతగాడు కాదు, దర్జీ కాదు.

గీత గీసేవాళ్లకు అధికారం ఉంటే ఏమవుతుందో 2022లో చూశాం. కర్ణాటకలో తరగతి గదుల్లోకి హిజాబుతో రావద్దన్న ఉత్తర్వును మార్చి 15న అక్కడి హైకోర్టు సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. ఈలోగా కొందరు పిల్లలు పరీక్షలే వదులుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇరాన్‌లో హిజాబు సరిగా లేదని పోలీసులు పట్టుకుపోయిన మహ్సా అమీనీ అనే 22 ఏళ్ల అమ్మాయి ప్రాణాలతో తిరిగి రాలేదు. అక్కడ కప్పుకోమన్నారు, ఇక్కడ తియ్యమన్నారు. ఈ రెండు వార్తలూ ఒకే చేత్తో రాశాను. రెండు చోట్లా ఆడపిల్లను అడిగినవాళ్లు లేరు.

అందుకే ఆ అమ్మాయితో అన్నాను: "దుపట్టా దించడం సంగతి వదిలెయ్యి. తల మీద ఉండగానే మైకు ఎక్కడ పెట్టాలో చూపించు." కాసేపు ఆలోచించి, గంజి లేని పల్చటి నూలు దుపట్టా తీసింది. ఒక పక్కకు మడిచి పిన్ను పెట్టి, మైకు కుర్తా మెడపట్టీకి తగిలించేట్టు సర్దింది. అయిదు నిమిషాల పని. ఆమెకు అది వచ్చు. అడగాల్సిన ప్రశ్నే అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇప్పుడు కొన్నాళ్లు దుపట్టా తల మీద ఉంటుంది, కొన్నాళ్లు భుజం మీద ఉంటుంది. ఎండా, నమాజు వేళా, నా మనసూ చూసుకుని నేనే నిర్ణయించుకుంటాను. కుర్తాలన్నిటికీ జేబులు కుట్టించాను.

గులాబీ అంచు చీర మాత్రం మళ్లీ బీరువాలోనే పెట్టాను. నిజానికి నాకు ఇష్టమైన చీర అది. ఏ పెళ్లికో, ఏ పండగకో ఊరికే కట్టుకోవాలని ఉంటుంది. మా అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలది, అందులో ఏడు అయిపోయాయి. ఈసారి నేను సల్వార్ కమీజులోనే, తల మీద దుపట్టాతోనే వస్తాను. గేటు తీసి లోపలికి రమ్మంటారా లేదా అన్నది ఇక మీరు తేల్చుకోవాల్సిన సంగతి.