కట్ లాక్ కాని మిక్సింగ్: కృష్ణానగర్‌లో ఒక శబ్దపు గది

వీడియో కత్తిరించే సాఫ్ట్‌వేర్‌లోనే సినిమా స్థాయి ఆడియో మిక్సింగ్ సామగ్రి కూడా దొరకడానికి అన్నిటికన్నా నిండైన ఉదాహరణ డావిన్చీ రిజాల్వ్‌లోని ఫెయిర్‌లైట్ పేజీ. 2017లో 14వ వెర్షన్‌తో అది అందులో చేరింది. తెర అడుగున ఎడిట్, ఫ్యూజన్, కలర్ బటన్ల పక్కనే ఫెయిర్‌లైట్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కగానే అదే టైమ్‌లైన్ మిక్సింగ్ డెస్కుగా మారుతుంది. ఫైలు ఎక్కడికీ పంపనక్కర్లేదు. ఒక పక్క బొమ్మ నడుస్తుంటే ప్రతి ట్రాక్‌కీ ఒక ఫేడర్, ఆరు బ్యాండ్ల ఈక్యూ, గేటు, కంప్రెసర్, లిమిటర్ సిద్ధంగా ఉంటాయి. ఉచిత వెర్షన్‌లోనూ వీటితో పని జరుగుతుంది. స్టూడియో వెర్షన్ ధర 295 డాలర్లు, ఒకసారి కడితే చాలు. అడోబ్ ప్రీమియర్‌లో ఎసెన్షియల్ సౌండ్ అనే ప్యానెల్ ఉంది. క్లిప్పు డైలాగా, సంగీతమా, ఎఫెక్టా, పరిసర శబ్దమా అని చెబితే దానికి తగిన మీటలు చూపిస్తుంది. ఫైనల్ కట్‌లో రోల్స్ పేరుతో శబ్దాలను వర్గాలుగా విడదీయవచ్చు. ఆ రెండూ ఎడిటర్‌కి చేసిన సాయం. ఫెయిర్‌లైట్ మాత్రం శబ్దం పనివాళ్ల కోసమే పుట్టి, తర్వాత ఎడిటర్ ఇంటికి వచ్చింది.

1975లో సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ పెట్టిన కంపెనీ అది. అప్పట్లో సిడ్నీ రేవులో తిరిగిన ఒక హైడ్రోఫాయిల్ పడవ పేరే దానికి పెట్టుకున్నారు. 1979లో వాళ్లు తెచ్చిన ఫెయిర్‌లైట్ సీఎంఐ బయటి శబ్దాన్ని పట్టి, దాన్ని కీబోర్డు మీద స్వరాలుగా పలికించిన తొలితరం డిజిటల్ వాద్యం. తెర మీద లైట్ పెన్నుతో శబ్ద తరంగాన్ని గీసే వీలు కూడా అందులో ఉండేది. పీటర్ గేబ్రియల్, కేట్ బుష్ పాటల్లో దాని గొంతు వినిపిస్తుంది. ఆ తర్వాత కంపెనీ సినిమా, టీవీ శబ్దానికి వాడే ఎంఎఫ్‌ఎక్స్ యంత్రాల వైపు మళ్లింది. 2016లో ఆస్ట్రేలియాకే చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దాన్ని కొన్నది. 2009లో డావిన్చీని కొన్నదీ ఆ కంపెనీయే. హైదరాబాద్‌లో రిజాల్వ్ అంటే ఇప్పటికీ చాలామందికి డీఐ, అంటే రంగులు దిద్దే సాఫ్ట్‌వేరే. శబ్దం పేజీ కూడా అందులోనే ఉందని తెలిసి వాడేవాళ్లు ఎక్కువగా చిన్న గదుల్లో, చిన్న బడ్జెట్లతో పనిచేసేవాళ్లు.

ఆ సామగ్రి పనిలో ఎలా ఉంటుందో చూసి రాయమని సంపాదకుడు పంపిన గది హైదరాబాద్ కృష్ణానగర్‌లో, సినిమా పనివాళ్లు అద్దెకుండే ఇరుకు వీధుల్లో ఒక మేడ మీద ఉంది. గోడలకు రాక్‌వూల్ నింపిన పలకలు, బల్ల మీద రెండు మానిటర్ స్పీకర్లు, ఎనిమిది ఫేడర్లున్న ఒక చిన్న పెట్టె, పక్కన ఒక పాత సెల్‌ఫోన్ ఉన్నాయి. పెద్ద స్టూడియోల్లో అసిస్టెంటుగా మొదలై, ఫైనల్ మిక్స్ దాకా ఎదిగిన నడివయసు ఇంజినీరు ఇప్పుడక్కడ ఒంటరిగా కూర్చుని వెబ్ సిరీస్‌లు, లఘు చిత్రాలు మిక్స్ చేస్తున్నారు. అంతకు ముందు రాత్రి వచ్చిన ఒక ఎపిసోడ్ తెర మీద ఉంది.

మిక్సింగ్ పని ట్రాకులు సర్దడంతో మొదలవుతుంది. చూడ్డానికి ఇది గుమాస్తా పనిలా ఉంటుంది గానీ మిగిలినదంతా దీని మీదే నిలబడుతుంది. ఆ ఎపిసోడ్‌లో తల్లి గొంతు, కొడుకు గొంతు, వీధి శబ్దం, పాట ముక్క అన్నీ ఎడిటర్ ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పడేసినవే. ఇంజినీరు ఒక్కో పాత్రకూ ఒక్కో ట్రాక్ కేటాయించారు. కాలర్ మైకులో పట్టినదాన్ని, డబ్బింగ్ బూత్‌లో పలికించినదాన్ని విడదీశారు. ఆ తర్వాత డైలాగులకు ఒక బస్ (ట్రాకులు కలిసే దారి), సంగీతానికి ఒకటి, ఎఫెక్టులకు ఒకటి పెట్టి, మూడింటినీ మెయిన్ బస్‌లో కలిపారు. తెలుగు నిర్మాతకు ఈ విభజన డబ్బుతో సమానం. తెలుగు బొమ్మ హిందీకో తమిళానికో వెళ్లాలంటే మాటలు తీసేసి సంగీతం, ఎఫెక్టులు మాత్రమే ఉన్న ఎం అండ్ ఈ ట్రాక్ ఇవ్వాలి. బస్‌లు మొదట్లోనే కట్టుకుంటే అది చివర్లో ఒక ఎక్స్‌పోర్ట్‌తో తేలిపోతుంది. కట్టుకోకపోతే సినిమా మొత్తం మళ్లీ విప్పాలి. అయినా షూటింగ్‌లో పట్టిన పైలట్ ట్రాక్‌లో మాటతోపాటే అతుక్కుని వచ్చిన అడుగుల చప్పుడు, గిన్నెల చప్పుడు కూడా మాటతోనే పోతాయి. వాటిని ఫోలీ కళాకారుడు మళ్లీ పుట్టించాల్సిందే.

తర్వాత వచ్చేది ఈక్యూ, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే సాధనం. మాటలో 80 హెర్ట్జ్ కింద ఉండేది ఎక్కువగా గాలి, ఫ్యాను, లారీ. దాన్ని హైపాస్‌తో తీసేస్తారు. 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఎక్కువైతే గొంతు డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది. 2,000 నుంచి 5,000 మధ్య స్పష్టత ఉంటుంది. అక్కడ అతిగా లేపితే చెవి అలసిపోతుంది. స, ష, శలు అంతకంటే పైన కోస్తాయి. వీటికి ప్రీసెట్లు ఉన్నాయి గానీ ఇంజినీరు వాటిని ముట్టుకోలేదు. ఒక బ్యాండును బాగా పైకి లేపి, అటూ ఇటూ జరిపి, చెడ్డ చోటు ఎక్కడుందో చెవితో పట్టుకుని అక్కడ రెండు మూడు డెసిబెల్లు మాత్రం తగ్గించారు. ఆ వెతకడంలో కళ్లు మూసుకునే ఉన్నారు. తెర మీద రంగురంగుల గ్రాఫు ఉన్నా ఆ కాసేపూ దానివైపు చూడలేదు.

గేటు దగ్గర తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. శబ్దం ఒక స్థాయికన్నా తగ్గగానే గేటు మూసుకుంటుంది. మాటకీ మాటకీ మధ్య వినిపించే గర్రును ఆపడానికి అది మంచి సాధనం. కానీ తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఆ చివరి అచ్చు మామూలు మాటల్లో బాగా నెమ్మదిగా పలుకుతుంది. గేటు తొందరపడితే ‘వచ్చాడు’లో ఉకారం రాలిపోయి, మనిషి మాట మధ్యలో ఊపిరి ఆగినట్టు వినిపిస్తుంది. ఇంగ్లిష్ గొంతుల కోసం తయారైన ప్రీసెట్‌ను అలాగే తగిలించిన వెబ్ వీడియోలలో ఈ లోపం విరివిగా వినిపిస్తుంది. ఆ గదిలో గేటుకు బదులు ఎక్స్‌పాండర్ వాడారు. అది తలుపు మూయదు, దగ్గరకు వేస్తుందంతే. రిలీజ్ సమయం పెంచి, ‘అమ్మా’ అన్న పిలుపు చివరి దీర్ఘం పూర్తిగా ఆరిపోయేదాకా వినిపించేలా సరిచేశారు.

కంప్రెసర్ లెక్క సులువు. నిష్పత్తి 3:1 అయితే, గీత దాటిన ప్రతి 3 డెసిబెల్లకూ 1 డెసిబెల్ మాత్రమే బయటికి వస్తుంది. అరుపూ గుసగుసా దగ్గరవుతాయి. అయితే ఆ దగ్గర చేయడమంతా కంప్రెసర్‌కే వదిలేస్తే గొంతులో ప్రాణం తగ్గుతుంది. అందుకే మంచి మిక్సర్ కంప్రెసర్ కంటే ముందు ఫేడర్ మీద వేలు పెడతాడు. ఫెయిర్‌లైట్‌లో ఆటోమేషన్ ఆన్ చేస్తే ఆ వేలి కదలిక మొత్తం టైమ్‌లైన్‌లో రికార్డవుతుంది. ఎపిసోడ్‌లో తల్లి వంటింట్లోంచి కొడుకుతో మాట్లాడే సన్నివేశం ఉంది. ఆమె సగం మాటలు అటు తిరిగి పలికింది. ఇంజినీరు చూపుడు వేలు ఫేడర్‌ను మాట మీద లేపలేదు. మాట రాబోయే ముందు, ఆమె ఊపిరి తీసుకునే ఖాళీలో, ఒక డెసిబెల్ లోపు లేపింది. వాక్యం అయిపోయాక, తర్వాతి చప్పుడు కింద దాక్కుంటూ దించింది. మాట మీద లేపితే లేపినట్టు తెలుస్తుంది, ఖాళీలో లేపితే ఆమే కాస్త ఇటు తిరిగినట్టు ఉంటుంది. ఒకే సన్నివేశానికి నాలుగైదుసార్లు వెనక్కి వెళ్లి ఆ వేలు అదే దారి మళ్లీ నడిచింది. చూసేవాడికి అక్కడ ఏ పనీ జరిగినట్టు ఉండదు, విన్నవాడికి తల్లి గది మధ్యలోకి వస్తుంది. ఈ నైపుణ్యాన్ని ఏ సాఫ్ట్‌వేర్ ధరలోనూ కలపలేదు.

డబ్బింగ్ గొంతులతో కష్టం వేరు. తెలుగు సినిమాలో మాటలు చాలావరకు షూటింగ్ తర్వాత బూత్‌లో చెప్పించినవే. బూత్‌లో గొంతు నోటి ముందున్న మైకుకు చెబుతుంది, తెర మీద మనిషి వాకిట్లో పది అడుగుల దూరంలో ఉంటాడు. ఆ దూరాన్ని రివర్బ్‌తో, పై ఫ్రీక్వెన్సీలు కాస్త తగ్గించడంతో, కింద పరిసర శబ్దం పరచడంతో తిరిగి కట్టాలి. ఎక్కువ వీడియోలలో ఈ పని జరగదు. పొలంలో నిలబడ్డ రైతు గొంతు కూడా బూత్‌లోంచే వస్తుంది.

2022లో 18.1 వెర్షన్‌తో వచ్చిన వాయిస్ ఐసొలేషన్ పరిసర శబ్దం లేని ఈ బలహీనతను కొత్త దారిలోకి తిప్పింది. స్టూడియో వెర్షన్‌లో ఉండే ఈ సాధనం ఒక మీటతో మాటను ఉంచి మిగిలినదంతా తుడిచేస్తుంది. రోడ్డు పక్క తీసిన ఇంటర్వ్యూను నిజంగానే కాపాడుతుంది, దాని శక్తిని తక్కువ చేయడం అన్యాయం. కానీ ఎపిసోడ్ తీసినవాళ్లు దాన్ని ప్రతి క్లిప్పుకూ నూటికి నూరు పాళ్లు పెట్టి పంపారు. పల్లెలో తీసిన సన్నివేశంలో కాకి లేదు, బోరింగు చప్పుడు లేదు, దూరంగా వెళ్లే బస్సు లేదు. ఆ ఊరికి వెళ్లి, అంతమందిని నడిపించి, పట్టుకొచ్చిన శబ్దాన్ని పట్టినవాళ్లే చెరిపేశారు. ఇంజినీరు ఆ మీటను సగం దాకా దించి, ఒరిజినల్ రికార్డింగులో మాటల్లేని చోట్ల దొరికిన కాస్త నిశ్శబ్దాన్ని కత్తిరించి, మిగతా చోట్ల కింద పరుస్తూ పోయారు. చాలా సన్నివేశాల్లో అది కూడా దొరకలేదు. యాక్షన్ అనకముందు, కట్ అన్న తర్వాత ఒక్క క్షణం కూడా మైకు ఆన్‌లో ఉంచలేదు.

చివర్లో లౌడ్‌నెస్ మీటరు. యూరప్ ప్రసారాలకు మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టిదనపు కొలమానం), అమెరికా టీవీకి మైనస్ 24. నెట్‌ఫ్లిక్స్ డైలాగు ఆధారంగా మైనస్ 27, రెండు యూనిట్ల అటూ ఇటూతో అడుగుతుంది. ఈ కొలతలకు మూలం 2006లో అంతర్జాతీయ టెలికం సంఘం తెచ్చిన బీఎస్ 1770 పద్ధతి. ఫెయిర్‌లైట్‌లో ఈ మీటరు తెర మీదే ఉంటుంది. అంకె సరిపోయినంత మాత్రాన మిక్స్ బాగున్నట్టు కాదు. అంకె కుదిరాక ఇంజినీరు పాత సెల్‌ఫోన్‌లో ఎపిసోడ్ మొత్తం ఇంకోసారి విన్నారు. తెలుగు వెబ్ ప్రేక్షకులు చాలామంది వినేది అలాంటి చిన్న స్పీకరులోనే, అందులో బాస్ దాదాపు వినపడదు.

ఇంత సామగ్రి ఒకే చోట ఉన్నప్పుడు పోయిందేమిటన్నది ఆ గదిలో సాయంత్రం దర్శకుడు వచ్చాక తేలింది. ఎడిట్‌లో ఒక షాట్ తీసేశానని, ఇంకొకటి ముందుకు జరిపానని చెప్పి, “సౌండ్ దాంతోనే జరిగిపోతుందిగా అన్నా, రాత్రికి ఎక్స్‌పోర్ట్ పెట్టేద్దాం” అన్నాడు. జరిగిపోయిన మాట నిజమే, ఒకే టైమ్‌లైన్ కాబట్టి మిక్స్ విరగలేదు. అతను వెళ్లాక ఇంజినీరు అన్న మాట ఇది: “ఇదివరకు కట్ లాక్ అయ్యాకే మా దగ్గరికొచ్చేది సార్. ఆ రోజు నుంచి మాకు ఇన్ని రోజులని ఉండేది. ఇప్పుడు లాకే లేదు.”

పాత పద్ధతిలో ఎడిటర్ ఏఏఎఫ్ లేదా ఓఎంఎఫ్ ఫైలు తీసి, టైమ్‌కోడ్ ముద్రించిన వీడియోతో కలిపి, ప్రో టూల్స్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ ఉన్న గదికి పంపేవాడు. మొదటి ఫ్రేమ్‌కి రెండు సెకన్ల ముందు ఒక బీప్ పెట్టి సింక్ సరిచూసుకునేవారు. తర్వాత ఒక్క షాట్ మారినా శబ్దమంతా మళ్లీ పొదగాల్సి వచ్చేది. ఆ బాధ ఎవరూ కోరుకోరు. అయితే ఆ బాధకు భయపడే నిర్మాత కట్‌ను ఒక తేదీన ఆపేవాడు, ఆ తేదీ నుంచి శబ్దానికి సొంత రోజులు, సొంత కూలీ, సొంత మనిషి ఉండేవి. బొమ్మను నెలల తరబడి చూసి అలవాటు పడిన ఎడిటర్ చెవికి బదులు, దాన్ని మొదటిసారి వింటున్న ఇంకొక చెవి దొరికేది. ఏ మాట అర్థం కావడం లేదో పసిగట్టేది ఆ రెండో చెవే. స్క్రిప్టు మొత్తం కంఠతా వచ్చినవాడికి ప్రతి మాటా స్పష్టంగానే వినిపిస్తుంది. ఫైళ్లు మోసే శ్రమను సాఫ్ట్‌వేర్ తీసేసింది. దాంతోపాటు ఆ తేదీని, ఆ మనిషిని కూడా తీసేసింది మాత్రం పనిచేయించేవాళ్లే. ఇది సాధనం తప్పు కాదు. ఒకే ప్రాజెక్టులో ఎడిటరూ ఇంజినీరూ వేర్వేరు గదుల్లోంచి కలిసి పనిచేసే ఏర్పాటు కూడా రిజాల్వ్‌లో ఉంది. దాన్ని ఇద్దరు మనుషుల కోసం వాడాలన్న నిర్ణయం బడ్జెట్ రాసేవాళ్లు తీసుకోవాలి.

వెబ్ సిరీస్, లఘు చిత్రం, డాక్యుమెంటరీ తీస్తున్న తెలుగువాళ్లకు విన్నపం: షూటింగ్ జరిగిన ప్రతి చోటా అందర్నీ ఆపి ఒక నిమిషం పాటు ఆ చోటి శబ్దం మాత్రమే రికార్డు చేయించండి. కట్‌కు ఒక లాక్ తేదీ పెట్టుకుని, ఆ తర్వాతి రోజులను బడ్జెట్ కాగితంలో శబ్దం పేరుతో విడిగా రాయండి. ఆ రోజుల్లో బొమ్మను అంతకు ముందు చూడని ఒక మనిషిని ఫేడర్ ముందు కూర్చోబెట్టి, ఆ మనిషికి పూర్తి కూలీ ఇవ్వండి.