హాస్టల్‌ను రైతు కన్నుతో చూడాలె



ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ అయిందంటే చాలు, మా శామీర్‌పేట చుట్టుపక్కల రైతులకు చుట్టాల ఫోన్లు మొదలైతయి. "పిల్లకు మేడ్చల్ దిక్కు సీటొచ్చింది. కాలేజీ హాస్టల్ల ఏస్తే మంచిదా, బయట చూడాల్నా?" అని. ఈసారి అడిగింది గజ్వేల్ దిక్కు మా బావ. సీటొచ్చింది నా మేనకోడలికి.

కొన్నిచోట్ల ఈ ప్రశ్నే లేదు. శామీర్‌పేటలో ఉన్న నల్సార్ లా యూనివర్సిటీ, 2008ల వచ్చిన బిట్స్ పిలానీ క్యాంపస్, ఇవి పిల్లలు లోపలనే ఉండి చదివేవి. కండ్లకోయ, మైసమ్మగూడ, దూలపల్లి దిక్కు ఇంజనీరింగ్ కాలేజీలు అట్ల కాదు. కాలేజీ బస్సుల వచ్చేటోళ్లు, లోపల ఉండేటోళ్లు, బయట ప్రైవేట్ హాస్టళ్లల్ల ఉండేటోళ్లు, అన్ని తీర్ల ఉంటరు. తేల్చుకోవాల్సింది మనమే.

బావ ముందుగాల "2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఫ్రీనే కద, రోజూ వచ్చిపోనీ" అన్నడు. టికెట్ ఫ్రీనే గని టైమ్ ఫ్రీ కాదు. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాకా ఒక బస్సు, ఆడ దిగి మేడ్చల్‌కు ఇంకోటి. పోను రాను నాలుగు గంటలు రోడ్డు మీదనే పోతే చదివేదెప్పుడు? ఆ మాట అక్కడికే ఆగింది.

ఇగ పైసల లెక్క. కాలేజీ హాస్టల్ ఏడాదికి 90 వేలు, రెండు విడతలు. మొదటి 45 వేలు ఆగస్టులనే కట్టాలె. ఆగస్టుల మన చేతుల ఏముంటది? ఉన్నదంతా నాట్లకు, యూరియాకు పోయి ఉంటది. వడ్ల పైసలు వచ్చేది డిసెంబర్‌ల. నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నాలుగు నెలలకు 3,600. అంటే 93,600. బయట హాస్టల్ తిండితో నెలకు 6,500. పది నెలలకు 65 వేలు, షేర్ ఆటోలకు ఇంకో 8 వేలు. మొత్తం 73 వేలు. నెలనెలా కట్టేది కాబట్టి పాల పైసలతోని ఎల్లుతది.

20 వేల తేడా చిన్నది కాదు. కానీ అది నిజంగా మిగలాలంటే కాలేజీ చూసుకునే పనులన్నీ మనమే చూసుకోవాలె. అందుల మొదటిది జాగ.

2023 సెప్టెంబర్‌ల కొట్టిన వానకు మైసమ్మగూడల పిల్లలుండే అపార్ట్‌మెంట్ల చుట్టూ నీళ్లు నిండి, కింది అంతస్తులు మునిగినయి. పిల్లలను జేసీబీలతోని బయటికి తెచ్చిన్రు. నీరు పల్లమెరుగు అన్నరు పెద్దలు. ఆడ చెరువుండెనా, వాగు పారెనా అన్నది రంగులేసిన గోడ చెప్పదు. నేల చెప్తది. అది చదువుడు మనకంటె ఎవరికి ఎక్కువ తెలుసు?

మేము చూసిన మొదటి హాస్టల్ 6 వేలే. సెల్లార్ గోడ మీద మోకాలెత్తున నీళ్ల చార ఉంది. మేనకోడలే చూపెట్టింది, "మామా, ఇది పొలం గట్టు మీద చార లెక్క లేదా?" అని. ఎనుకకు తిరిగినం. మిట్ట మీదున్న రెండో దాంట్ల 6,500. అందుల చేర్పించినం. బోరు ఎండాకాలం పోస్తదా, ట్యాంకర్ తెస్తరా, మంటలొస్తే దిగనీకి రెండో మెట్లున్నయా అని అడిగినం. అడ్వాన్స్‌ల ఎంత తిరిగిస్తరో కాగితం మీద రాయించుకున్నం.

ఇంకో ముచ్చట. పైన జీఎస్టీ అని అడిగితే కట్టకుండ్రి. నెలకు 20 వేల లోపు ఉండి, వరుసగా 90 రోజులు ఉండే హాస్టళ్లకు 2024 జూలై నుంచి మినహాయింపు ఉంది.

ఇవన్నీ చూసే తీరిక లేకపోతే అప్పు తెచ్చయినా మొదటి ఏడాది కాలేజీ హాస్టలే మేలు. తీరిక ఉంటే ఒక వాన పడ్డంక పోయి చూడుండ్రి. ఎండల చూసిన హాస్టల్, ఎండల కొన్న పొలం రెండూ ఒకటే.